పసరుకు లేని అంటు పిండిన చేతికెందుకు?

మా అవ్వ పసరు పిండే తీరు నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంటుంది. పెనుకొండకూ ధర్మవరానికీ నడుమ ఉన్న పల్లె మాది. కోడికూతకు ముందే లేచి గుట్టకు పోయేది. దారిలో ఎవరు పలకరించినా బదులిచ్చేది కాదు. తెచ్చిన ఆకును బండమీద నూరి, పాతగుడ్డలో మూటగట్టి, పిడికిలి బిగించి పిండేది. ఊళ్ళో పెద్దిళ్ళ పిల్లలకు పచ్చకామెర్లు వస్తే తల్లులు మా మాదిగవాడ మొగదాకా వచ్చి నిలబడేవారు. అవ్వ పిడికిలి నుంచి జారిన పసరు నేరుగా ఆ పిల్లల నోట్లో పడేది. చేదుకు మొహం చిట్లించి పిల్లలు నీళ్ళడిగితే మాత్రం ఇంటి నుంచి వెంట తెచ్చుకున్న చెంబులోని నీళ్ళే పట్టేవారు. మా కుండలోని నీటిని ముట్టేవారు కారు.

అదే చెయ్యి. ఆ చేతి పసరు గొంతు దిగింది, ఆ చేతి నీళ్ళు దిగలేదు. ఈ వైరుధ్యం చిన్ననాడు నాకు వింతగా తోచలేదు. అది లోకరీతి అనుకున్నాను. విశ్వవిద్యాలయంలో కులం గురించి పాఠం చెప్పే వయసుకు వచ్చాక గానీ అందులో ఒక జ్ఞాన సిద్ధాంతమే దాగి ఉందని అర్థం కాలేదు. ఈ దేశంలో కులవ్యవస్థ కింది కులాల జ్ఞానాన్ని ఎన్నడూ పూర్తిగా తిరస్కరించలేదు. అవసరమైనంత మేరకు దాన్ని పిండుకుంది. పిండిన చేతిని గడప బయట నిలబెట్టింది.

ఇవాళ మూలికా వైద్యానికి గొప్ప గిరాకీ ఉంది. తిప్పతీగ, కలబంద, పొడపత్రి సీసాల్లో, మాత్రల్లో, పొట్లాల్లో అమ్ముడవుతున్నాయి. ప్రాచీన భారతీయ విజ్ఞానమని వాటిపై ముద్ర పడుతోంది. ఆ ప్రాచీనుల్లో మా అవ్వ ఉందా అన్నదే ఈ వ్యాసంలో నా ప్రశ్న.

చిట్టడవి చదివిన కులాలు

ఉమ్మడి అనంతపురం జిల్లా దేశంలోనే అత్యల్ప వర్షపాతమున్న ప్రాంతాల్లో ఒకటి. సగటున ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో బతికే నేల ఇది. ఇప్పుడు శ్రీసత్యసాయి జిల్లాలో ఉన్న హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల్లో అడవి అంటే దట్టమైన కీకారణ్యం కాదు. రాతిగుట్టలు, ముళ్ళపొదలు, వంకగట్లు, బోదగడ్డి పెరిగే బీళ్ళు. ఈ ఎండు నేలలోనే తంగేడు, వావిలి, నేలవేము, ఉత్తరేణి, తుమ్మి, నల్లేరు, పొడపత్రి, గుంటగలగర, నేల ఉసిరి, పల్లేరు పెరుగుతాయి. వాటిని గుర్తుపట్టే చూపు అందరికీ సమానంగా అబ్బలేదు. శ్రమ ఎవరిని ఏ దిక్కుకు నడిపిందో ఆ దిక్కున వారికి జ్ఞానం పోగుపడింది.

గొర్రెల వెంట పగలంతా నడిచే కురుబలకు ఏ ఆకు మేస్తే జీవానికి కడుపుబ్బుతుందో, ఏది మేపితే తగ్గుతుందో తెలుసు. జీవానికి కాలు విరిగితే వెదురుబద్దలు పెట్టి కట్టడం వారికి మామూలు పని. వేటకు గుట్టలెక్కిన బోయలు, తండాల సుగాలీలు, ఊరి చివర గుడిసెల ఎరుకలవారు వేళ్ళూ దుంపలూ ఎరిగినవారు. పుండు కోసి కట్టుకట్టే పని నాయీబ్రాహ్మణ పురుషులది. కాన్పు పని చాలా ఊళ్ళలో వారి ఆడవారిదో, మాల మాదిగ స్త్రీలదో. ధర్మవరంలో గుంటమగ్గంలో కాళ్ళు దించి పొద్దస్తమానం కూర్చున్న నేతగాడికి నడుము పట్టేస్తే, వావిలాకు మరిగించిన నీళ్ళ కాపడం పెట్టింది అతని ఇంటి ఆడవారే.

తంగేడు కథ వీటన్నింటికంటే విశేషమైనది. దాని పూలను మధుమేహానికీ, ఒంటివేడికీ కషాయం కాచుకుంటారు. ఆ చెట్టు చెక్కలో తోలును కుళ్ళిపోకుండా కాపాడే గుణముందని కనిపెట్టి, చచ్చిన పశువు చర్మాన్ని చెప్పుగా, కపిలబానగా, డప్పుగా మార్చినవారు మాదిగలు. ఎంత చెక్కకు ఎంత నీరు, ఎన్నాళ్ళు నానాలి, ఎప్పుడు తిరగేయాలి అన్నది తరతరాల ప్రయోగాలతో తేలిన రసాయన జ్ఞానం. కంచ ఐలయ్య 2009లో వెలువరించిన ‘పోస్ట్ హిందూ ఇండియా’లో మాదిగలను అణగారిన శాస్త్రవేత్తలుగా, క్షురక వృత్తివారిని సామాజిక వైద్యులుగా పేర్కొన్నది ఇందుకే. తంగేడు పువ్వు ఇవాళ తెలంగాణ రాష్ట్ర పుష్పం. తంగేడు చెక్కతో తోలు ఊనిన చెయ్యి మాత్రం శతాబ్దాల పాటు అంటరానిదిగానే ఉండిపోయింది.

‘శాస్త్రం’ గీసిన గీత

ఈ విభజన నిన్నమొన్నటిది కాదు. చరకసంహిత సూత్రస్థానం మొదటి అధ్యాయంలోనే ఒక మాట ఉంది. మేకల కాపరులు, గొర్రెల కాపరులు, పశువుల కాపరులు, వనవాసులు ఓషధులను పేరుతో, రూపంతో ఎరుగుదురని ఆ గ్రంథం ఒప్పుకుంటుంది. సుశ్రుతసంహిత కూడా గోపాలురు, వేటగాళ్ళు, అడవుల్లో తిరిగేవారి వద్ద మందుమొక్కలను తెలుసుకోవాలని చెబుతుంది. పెనుకొండ గుట్టల్లో తిరిగే కురుబకు దక్కిన అత్యంత ప్రాచీనమైన యోగ్యతాపత్రం ఇదే అనవచ్చు.

కానీ చరకసంహిత అక్కడితో ఆగదు. పేరు, రూపం తెలిసినంతమాత్రాన చాలదని, వాటి ప్రయోగం తెలిసినవాడే తత్త్వవేత్త అని వెంటనే గీత గీస్తుంది. మొక్కను గుర్తుపట్టడం కాపరి వంతు, దాని అర్థం చెప్పడం వైద్యుని వంతు. ప్రయోగం తెలియకుండానే కాపరి తన మందను బతికించుకుంటున్నాడా అన్న ప్రశ్న ఆ గ్రంథం వేయలేదు.

ఆ వైద్యునికైనా గౌరవం దక్కిందా? మనుస్మృతి వైద్యుడిని శ్రాద్ధభోజనానికి పనికిరానివాడిగా లెక్కించింది. అతడు పెట్టే అన్నాన్ని చీముతో పోల్చింది. రోగిని ముట్టేవాడు, పుండు కడిగేవాడు, అన్ని కులాల గడపలూ తొక్కేవాడు శుచి నియమానికి లొంగడు గనుక వైద్యం మీద పురోహిత వర్గానికి ఈ కసి అని దేబీప్రసాద్ చటోపాధ్యాయ 1977 నాటి తన ‘సైన్స్ అండ్ సొసైటీ ఇన్ ఏన్షియంట్ ఇండియా’లో వాదించారు. శరీరాన్ని తాకడమే జ్ఞానానికి మూలమైన చోట, తాకడాన్నే పాపంగా నిర్ణయించిన సమాజం మనది. కాలక్రమంలో తాకే పని కిందికి జారింది, గ్రంథం పైన నిలిచింది. రాసినవాడిది శాస్త్రమైంది, చేసినవాడిది నాటు అయింది.

వలస పాలన ఆ గీతను చెరపలేదు. మరింత ముదురుగా దిద్దింది. ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో ప్రచురించిన దక్షిణ భారత కులాలు, తెగల సంపుటాల్లో ‘మందుల’ అనే సంచార సమూహం కనిపిస్తుంది. తెలుగునేలపై ఊరూరా తిరిగి మందులు, చూర్ణాలు అమ్మేవారని, వారి స్త్రీలు కొందరు మంత్రసానులని అందులో ఉంది. వైద్యమే కులం పేరైనవారు. నేడు వెనుకబడిన తరగతుల ‘ఎ’ జాబితాలో ఆ పేరు ఉంది. ఏ వైద్య చరిత్రలోనూ లేదు. అదే కాలంలో ఎరుకలవారిపై నేరస్థ జాతుల చట్టం పడింది. మూలిక కోసం ఊరు దాటడమే నేరానికి ఆధారమైన రోజులవి.

దేశీయ వైద్యాన్ని నిలబెట్టాలన్న ఉద్యమం కూడా అదే కాలంలో మద్రాసు కేంద్రంగా లేచింది. దేశీయ వైద్య విధానాలపై మద్రాసు ప్రభుత్వం వేసిన ఉస్మాన్ కమిటీ 1923లో నివేదిక ఇచ్చింది. దేశీయ వైద్య పాఠశాల ఏర్పడింది. పాశ్చాత్య వైద్యం ముందు మన వైద్యం తక్కువ కాదని నిరూపించడమే ఆనాటి పట్టుదల. ఆ ‘మన’లో గ్రంథం ఉన్నవారే మిగిలారు. 1970లో వచ్చిన భారతీయ వైద్య కేంద్ర మండలి చట్టం విద్యాసంస్థ ఇచ్చిన పట్టాను తప్పనిసరి చేసింది. పట్టాలేని పారంపర్య వైద్యులు ప్రాక్టీసు చేయరాదని కేరళ కేసులో 2018 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తేల్చింది. రోగి భద్రత రీత్యా ఆ తీర్పులోని ఆందోళన సరైనదే. అయితే బడి గడప తొక్కనివ్వని కులాలను పట్టా ఏదని అడగడంలో ఉన్న చరిత్రను కూడా మనం చూడాలి.

రాస్తే అందరిది, రాయకుంటే ఎవరిదీ కాదు

ఇప్పుడు అసలు సమస్యకు వద్దాం. పసుపుకు గాయం మాన్పే గుణముందన్న దానిపై అమెరికాలో 1995లో ఇచ్చిన పేటెంటును సీఎస్ఐఆర్ సవాలు చేయగా 1997లో అది రద్దయింది. ఆ అనుభవంతో 2001లో సంప్రదాయ జ్ఞాన డిజిటల్ గ్రంథాలయం మొదలైంది. మంచి పనే. కానీ అందులోకి ఎక్కింది ఆయుర్వేద, సిద్ధ, యునాని వంటి సంప్రదాయాల గ్రంథాల్లోని యోగాలే. నోటి మాటగా బతికిన పసరుకు అందులో తావు లేదు.

2002 నాటి జీవవైవిధ్య చట్టం ఆ లోటును కొంత తీర్చింది. మొక్కతోబాటు దాని గురించిన స్థానిక జ్ఞానానికీ విలువ ఉందని, దాన్ని వ్యాపారానికి వాడుకునేవారు ప్రయోజనంలో వాటా ఇవ్వాలని చెప్పింది. స్వదేశీ కంపెనీలకు అది వర్తించదన్న వాదనను ఉత్తరాఖండ్ హైకోర్టు 2018 డిసెంబరులో దివ్య ఫార్మసీ కేసులో తోసిపుచ్చింది. అయిదేళ్ళు తిరగకముందే, 2023లో పార్లమెంటు ఆ చట్టాన్ని సవరించింది. సాగుచేసిన ఔషధ మొక్కలతో పాటు ‘క్రోడీకృత సంప్రదాయ జ్ఞానం’ కూడా ఆ బాధ్యత నుంచి బయటపడింది. స్థానిక ప్రజలకు, జీవనోపాధికి వైద్యం చేసే వైద్యులకు, హకీములకు కూడా మినహాయింపు ఉన్న మాట నిజం. కానీ వారికీ పరిశ్రమకూ దక్కిన మేలు ఒక్కటి కాదు.

క్రోడీకృతం అంటే ఏమిటి? 1940 నాటి ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం మొదటి షెడ్యూలు ప్రామాణికంగా గుర్తించిన గ్రంథాల నుంచి వచ్చిన జ్ఞానం. చరక, సుశ్రుత సంహితలు ఆ జాబితాలో ఉన్నాయి. మొక్కల్ని గొల్లల వద్ద, వేటగాళ్ళ వద్ద తెలుసుకోవాలని స్వయంగా చెప్పిన గ్రంథాలే అవి. అప్పు తీసుకున్నామని రాసిన కాగితమే అప్పు రద్దుకు ఆధారమైంది. కాపరి చెప్పింది గ్రంథంలోకి ఎక్కితే అది దేశమంతటి వారసత్వం. ఎక్కకుంటే అది నాటు, నిరాధారం. రెండు దారుల్లోనూ కాపరికి మిగిలేది శూన్యం.

మా అవ్వ ఆకు పేరు చెప్పేది కాదు. చెబితే మందు పనిచేయదనేది. చదువుకునే రోజుల్లో నేను దాన్ని మూఢనమ్మకమని ఎగతాళి చేశాను. ఇప్పుడు ఆ రహస్యంలో మరో అర్థం కనిపిస్తుంది. సెంటు భూమి లేని మనిషికి మిగిలిన ఒకే ఒక్క ఆస్తి అది. చెప్పకపోవడమే ఆమెకు తెలిసిన పేటెంటు. అయితే ఆ తాళం ఎవరినీ కాపాడలేదు. అవ్వతో పాటే ఆ ఆకు పేరు మట్టిలో కలిసింది. మా అమ్మకు సగం తెలుసు, నాకు ఏమీ తెలియదు. మా అవ్వ మాట్లాడకుండా నడిచిన ఆ గుట్ట దారిలో నేనీనాడు కళ్ళుండీ చదవలేనివాణ్ణి.

పరీక్ష కూడా గౌరవమే

ఇంతమాత్రాన నాటువైద్యమంతా నిజమని నా వాదన కాదు. ఈ పుటలో రాసేవారికి ఆ మాట స్పష్టంగా చెప్పే బాధ్యత ఉంది. అవ్వ పసరు తాగిన పిల్లలకు కామెర్లు తగ్గిన మాట వాస్తవమే. కానీ కలుషిత నీటి వల్ల వచ్చే కామెర్లు చాలావరకు వాటంతటవే తగ్గుతాయని వైద్యశాస్త్రం చెబుతుంది. నేల ఉసిరి హెపటైటిస్-బిని నయం చేస్తుందన్న ఆశ 1988లో ‘లాన్సెట్’లో వచ్చిన మద్రాసు పరిశోధనతో ప్రపంచానికి పాకింది. తరువాతి పరీక్షలు దాన్ని గట్టిగా నిలబెట్టలేకపోయాయి. పాముకాటుకు మన పల్లెల్లో వాడే ఈశ్వరి వేరు సంగతి మరీ భయంకరం. అందులోని అరిస్టోలోకిక్ ఆమ్లం మూత్రపిండాలను దెబ్బతీస్తుందని, క్యాన్సర్‌కు కారకమని రుజువైంది. 2000 నుంచి 2019 వరకు దేశంలో పాముకాటుకు ఏటా సగటున 58 వేల మంది బలయ్యారని ఒక అంచనా. చచ్చినవారిలో అత్యధికులు పల్లెల్లో పొలం పనికీ, పశువుల వెంటా పోయే మనుషులే. కాటు పడ్డవెంటనే వెళ్ళాల్సింది విరుగుడు సూదిమందు ఉన్న ఆసుపత్రికి. పసరు కోసం పోగొట్టిన ప్రతి నిమిషమూ మన ప్రాణమే.

ఒక జ్ఞానాన్ని పరీక్షకు పెట్టడమంటే దాన్ని సీరియస్‌గా తీసుకోవడం. పరీక్షించకుండా పొగడటం, పరీక్షించకుండా తోసిపుచ్చడం రెండూ అవమానాలే. 1721లో బోస్టన్ నగరంలో మశూచి చెలరేగడానికి ముందే, రోగి పుండు రసిని ఆరోగ్యవంతుడి చర్మంలోకి ఎక్కించి రోగాన్ని అడ్డుకునే ఆఫ్రికా పద్ధతిని మత గురువు కాటన్ మాథర్‌కు చెప్పింది ఒనేసిమస్ అనే బానిస. దాన్ని ప్రయోగించి చూశారు, లెక్కలు తీశారు, ప్రాణాలు నిలిచాయి. బానిస మాట గనుక నమ్మరాదన్నవారు ఆనాడూ ఉన్నారు. పరీక్షే ఆ మాటను నిలబెట్టింది.

మన పొరుగునే ఇంకో దారి ఉంది. పాములు పట్టే ఇరుళ తెగవారు తమిళనాడులో 1978లో సహకార సంఘం పెట్టుకున్నారు. పాముకాటు విరుగుడు తయారీకి కావలసిన విషాన్ని సేకరించి అమ్ముతున్నారు. చర్మాల వ్యాపారం కోసం పాములు పట్టే పని నుంచి ఆధునిక వైద్యానికి ఆధారమయ్యే పనికి మారారు. 2023లో ఆ తెగకు చెందిన వడివేల్ గోపాల్, మాసి సడయన్‌లకు పద్మశ్రీ వచ్చింది. కేరళలో కాణి తెగవారు చూపిన ఆరోగ్యపచ్చ మొక్కతో తిరువనంతపురం వృక్షశాస్త్ర ఉద్యానం ‘జీవని’ అనే మందు తయారుచేసి, 1995లో దాని లైసెన్సు ఇచ్చి, వచ్చిన సొమ్ములో సగం ఆ తెగకు కేటాయించింది. ఆ ఏర్పాటులో లోపాలు లేకపోలేదు. అయినా జ్ఞానానికి యజమానులున్నారని ఒప్పుకున్న ఏర్పాటు అది.

‘బంజరు’ అనే మాట

ఆకు బతకాలంటే గుట్ట బతకాలి. రెవెన్యూ లెక్కల్లో బంజరని రాసిన భూమి మా వాడకు మందులకొట్టు, మేతబీడు, వంటచెరకు. చెన్నేకొత్తపల్లి, రొద్దం, రామగిరి మండలాల్లో కల్పవల్లి పేరుతో పల్లె ప్రజలు మూడు దశాబ్దాలుగా కాపాడుకున్న చిట్టడవి దీనికి నిదర్శనం. బోడిగుట్టలు తిరిగి పచ్చబడ్డాయి. కానీ రికార్డుల్లో అది ప్రభుత్వ బంజరే గనుక అక్కడ గాలిమరలు లేచాయి, వివాదం హరిత ట్రిబ్యునల్‌కు ఎక్కింది. పెనుకొండ దగ్గర కార్ల కర్మాగారం వచ్చాక జాతీయ రహదారి వెంట భూమి ధర గజాల లెక్కకు మారింది. పరిశ్రమలు వద్దని నేననను. మా పిల్లలకూ ఉద్యోగాలు కావాలి. బంజరు అన్న ఒక్క మాటతో అక్కడి బతుకునూ జ్ఞానాన్నీ సున్నాగా లెక్కకట్టడాన్నే ప్రశ్నిస్తున్నాను.

చేయగలిగిన పనులు చట్టంలోనే ఉన్నాయి. ప్రతి స్థానిక సంస్థలో జీవవైవిధ్య నిర్వహణ కమిటీ ఉండాలని, అది ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు రాయాలని చట్టం చెబుతోంది. 2004 నిబంధనలు ఆ కమిటీ సభ్యుల్లో మూడోవంతు స్త్రీలు, కనీసం 18 శాతం ఎస్సీ ఎస్టీలు ఉండాలన్నాయి. స్థానిక వైద్యుల వివరాలు నమోదు చేయాలన్నాయి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతపు ప్రతి పంచాయతీలో ఆ రిజిస్టరును గ్రామసభలో తెరిచి చదవాలి. అందులో మొక్క శాస్త్రీయ నామం పక్కన ఆ జ్ఞానం ఏ వాడది, ఏ సమూహానిది అన్నది వారి అనుమతితో రాయాలి. చెప్పనంటే బలవంతం చేయరాదు. విశ్వవిద్యాలయాల పరిశోధన పత్రాల్లో ‘సమాచారమిచ్చినవారు’ అన్న అంకెగా మిగిలిన మనుషులను సహరచయితలుగా గుర్తించాలి. వారి మందుల్ని ప్రయోగశాలలో పరీక్షించి, మంచిదైతే వాటా, ప్రమాదమైతే హెచ్చరిక వారి భాషలో వారికే ముందు చెప్పాలి. క్రోడీకృత జ్ఞానానికిచ్చిన మినహాయింపును పెద్ద వ్యాపార సంస్థలకు తొలగించాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. వారసత్వాన్ని కాపాడమంటే మాదిగ పిల్ల మళ్ళీ గుట్టెక్కి ఆకు కోయాలని కాదు. కులం శ్రమను మాత్రమే కాక శ్రామికులను కూడా అంతస్తులుగా విభజించిందని అంబేద్కర్ 1936లోనే ‘కుల నిర్మూలన’లో చెప్పారు. జ్ఞానం పుట్టుకకు కట్టుబడి ఉన్నంతకాలం అది సంకెలే. మా అవ్వ మనవరాలు వృక్షశాస్త్రంలో పరిశోధన చేయాలి, వైద్య కళాశాలలో చేరాలి, పేటెంటు కార్యాలయంలో అధికారి కావాలి. అవ్వకు తెలిసినదాన్ని తెలుసుకునే హక్కు అందరికీ ఉండాలి. అది అవ్వ నుంచి వచ్చిందని చెప్పే నిజాయితీ కూడా అందరికీ ఉండాలి.

అవ్వ పోయిన నాడు ఊళ్ళోంచి ఒక పెద్దాయన వచ్చాడు. చిన్నప్పుడు అవ్వ పసరు తాగి కామెర్ల నుంచి తేరుకున్నవాడు. వాడ మొగలోనే నిలబడి, ఆ ముసల్ది చేతిగుణం మంచిదిరా అని మా నాయనతో అన్నాడు. కళ్ళు తడిగానే ఉన్నాయి. ఎండకు చెమటలు కారుతుంటే మా అమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చింది. వద్దమ్మా, ఇప్పుడే తాగి వచ్చినానన్నాడు.